ఏడాది పొదుపు లక్ష్యం: మధ్యలో చేయి జారితే ఏం చేయాలి?

ఏడాదికి ఇంత కూడబెట్టాలని సంకల్పించి, కొన్ని నెలలు గడిచాక నీరుగారిపోయినవారి ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరంలోని సమస్య చాలామందికి ఎదురయ్యేదే కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: ఈ ఏడాది 1,20,000 రూపాయలు దాచాలని నిర్ణయించుకున్నాను. నెలకు 10,000 చొప్పున మొదటి నాలుగు నెలలూ తప్పకుండా విడి ఖాతాలో వేశాను. అయిదో నెలలో ఇంట్లో ఒకరికి అనుకోకుండా వైద్యం చేయించాల్సి వచ్చింది. ఆ నెల జమ వేయలేకపోవడమే కాక, ఉన్నదాంట్లోంచి 15,000 తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు చేతిలో డబ్బు ఉన్నా వేయబుద్ధి కాలేదు. ఖాతా చూసుకోవడమే మానేశాను. ఎలాగూ లెక్క తప్పింది కాబట్టి వచ్చే ఏడాది కొత్తగా మొదలుపెడదామనిపిస్తోంది. నాకు పట్టుదల తక్కువా? పోయిన ఉత్సాహాన్ని తిరిగి ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో పట్టుదల లేకపోవడం నాకెక్కడా కనిపించలేదు. నాలుగు నెలలు గడువు తప్పకుండా జమ వేసి, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు అప్పు కోసం ఎవరి గడపా తొక్కకుండా సొంత సొమ్ముతోనే గట్టెక్కిన మీరు మిమ్మల్ని మీరు నిందించుకోవాల్సిన అవసరం లేదు. ఆ 15,000 పోయిన సొమ్ము కాదు, అవసరానికి ఆదుకున్న సొమ్ము. మీకు నిజంగా నష్టం జరిగింది అయిదో నెలలో కాదు, ఖర్చేమీ మీద పడకపోయినా జమ ఆగిపోయిన ఆరు, ఏడు నెలల్లో.

ఇలా ఎందుకు జరుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఆహార నియమాలు పాటించేవారి విషయంలో వివరించారు. ఈ రోజుకు నియమం తప్పిందని ఒకసారి అనిపిస్తే చాలు, అలాంటివారు తప్పింది ఎలాగూ తప్పింది కదా అని అక్కడితో ఆగకుండా మరింత ఎక్కువ తింటారు. పొదుపులోనూ ఇదే జరుగుతుంది. ఒక నెల తప్పితే పోయేది పన్నెండింట ఒక వంతే, కానీ మనసు మాత్రం ఏడాదంతా పోయినట్టు లెక్కగడుతుంది. అందుకే మనసు చెప్పే లెక్కను పక్కనపెట్టి, ముందు కాగితం మీద లెక్క వేసుకుందాం.

ఇప్పుడు మీ ఖాతాలో 25,000 ఉంది, అయిదు నెలలు మిగిలాయి. మొదట అనుకున్న 1,20,000 చేరాలంటే నెలకు 19,000 వేయాలి. అంటే మొదట్లో వేసినదానికి దాదాపు రెట్టింపు. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. పోయినదంతా ఒక్కసారిగా రాబట్టాలని చూస్తే ఒకటి రెండు నెలలు ఇల్లు ఇబ్బంది పడుతుంది, మూడో నెలలో మళ్లీ ఖాతాలో చేయి పెట్టాల్సి వస్తుంది, ఈసారి కలిగే నిరాశ మొదటిదానికన్నా లోతుగా ఉంటుంది. దానికి బదులు పాత వేగంతోనే, నెలకు 10,000 చొప్పున వేస్తే ఏడాది చివరికి మీ దగ్గర 75,000 ఉంటుంది. వచ్చే ఏడాది చూద్దామని ఊరుకుంటే 25,000 దగ్గరే ఉంటారు. మీ ముందున్న ఎంపిక ఈ రెండింటి మధ్యే కానీ, లక్షా ఇరవై వేలకూ సున్నాకూ మధ్య కాదు. లక్ష్యాన్ని 75,000కు దించి రాసుకోవడం ఓటమి కాదు. పరిస్థితి మారినప్పుడు అంకె మార్చకపోతే ఆ అంకె మిమ్మల్ని నడిపించడం మానేసి, చూసినప్పుడల్లా దెప్పిపొడుస్తుంది. మీరు ఖాతా చూసుకోవడం మానేయడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

కొత్త ఏడాది కోసం ఎదురు చూడాల్సిన పని కూడా లేదు. హెంగ్‌చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొత్తగా మొదలుపెట్టాలన్న ఊపు కొత్త ఏడాదిలోనే కాదు, కొత్త నెల, కొత్త వారం మొదట్లోనూ, పుట్టినరోజు తర్వాతా కనిపిస్తుంది. వచ్చే నెల ఒకటో తేదీ మీకు సరిపోతుంది.

ఇక ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలని అడిగారు. దాని మీద ఆధారపడకుండా పొదుపు సాగే ఏర్పాటు చేసుకోమనే నేను చెబుతాను. ఉత్సాహం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పన్నెండు నెలల పని దాని చేతిలో పెట్టకూడదు. నెలాఖరున మిగిలినదాన్ని దాచుకుందామనుకుంటే నెలంతా ప్రతి ఖర్చు దగ్గరా నిర్ణయం తీసుకోవాలి, ప్రతి నిర్ణయం దగ్గరా మనసుతో వాదులాడాలి. అదే జీతం పడిన మర్నాడే ఆ సొమ్ము దానంతటదే వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకుకు ఒక్కసారి ఆదేశమిస్తే ఆ వాదులాట ఉండదు. ఆ రెండో ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్లో చెల్లింపులు చేసే యాప్‌కు దాన్ని జోడించకండి. తీయడం అసాధ్యం కానక్కర్లేదు, ఒక పూట ఆలస్యమైతే చాలు, చాలా కోరికలు ఆ పూటలోనే చల్లారిపోతాయి.

ఫిలిప్పీన్స్‌లో నవా అష్రఫ్, డీన్ కార్లాన్, వెస్లీ యిన్ చేసిన ప్రయోగాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. ఒక బ్యాంకు ఖాతాదారుల్లో కొందరికి వారు ఒక ప్రత్యేక ఖాతా తెరిచే అవకాశం ఇప్పించారు. ఖాతాదారు తానే నిర్ణయించుకున్న తేదీ వచ్చేవరకు గానీ, తాను అనుకున్న మొత్తం చేరేవరకు గానీ అందులోంచి సొమ్ము తీయడానికి వీల్లేదు. అదనపు వడ్డీ ఏమీ లేదు. ఆ అవకాశం అందుకున్నవారిలో 28 శాతం మందే ఖాతా తెరిచారు. అయినా పన్నెండు నెలల తర్వాత చూస్తే, అవకాశం అందుకున్న ఆ బృందం మొత్తం మీద సగటు పొదుపు, అందుకోనివారి కన్నా 81 శాతం పాయింట్లు (అంటే రెండు బృందాల పెరుగుదల శాతాల మధ్య తేడా) ఎక్కువగా పెరిగింది. 2006లో వెలువడిన ఈ ఫలితం నాకు ఎంతో ధైర్యమిచ్చింది, ఎందుకంటే వారంతా మనలాంటి మామూలు మనుషులే, అదనంగా దొరికింది తమ చేతికి తామే వేసుకున్న చిన్న కట్టు మాత్రమే.

మీ ప్రణాళికలో నాకు కనిపించిన లోపం ఒకటుంది. లక్ష్యం కోసం దాచే సొమ్మూ, ఆపదకు పనికొచ్చే సొమ్మూ మీకు ఒకే ఖాతాలో ఉన్నాయి. అలాంటప్పుడు ఇంట్లో వచ్చే ప్రతి కష్టమూ లక్ష్యానికి తగిలే దెబ్బలాగే కనిపిస్తుంది. కిందటి ఏడాది అనుకోకుండా వచ్చిపడ్డ ఖర్చులు, అంటే మందులు, మరమ్మతులు, ప్రయాణాలు, బంధువుల శుభకార్యాలు, ఇవన్నీ గుర్తున్నంతవరకు రాసి, మొత్తాన్ని పన్నెండుతో భాగించండి. ఏ ఖర్చు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు గానీ, ఏడాదిలో ఏదో ఒకటి వస్తుందన్నది ఖాయం. వచ్చే నెల నుంచి వేసే పదివేలల్లో, మీ లెక్కలో తేలిన ఆ నెలవారీ భాగాన్ని, ఉదాహరణకు మూడు వేలను, ఆపద ఖాతాలోనూ మిగిలింది లక్ష్యం ఖాతాలోనూ వేయండి. లక్ష్యం ఆ మేరకు ఇంకొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి, లెక్క తేలిగ్గా ఉండడానికి కింద మాత్రం నేను 75,000నే చెబుతాను. రేపు మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే తీసేది ఆపద ఖాతాలోంచి కాబట్టి, లక్ష్యం పట్టీలో ఒక్క గడి కూడా చెరిపేయాల్సిన పని ఉండదు.

పట్టీ ఎలా రాసుకోవాలో కూడా చెబుతాను, ఇది చిన్న సంగతిలా కనిపించినా మధ్య నెలల్లో మనిషిని నిలబెట్టేది ఇదే. ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని, పై వరుసలో అంకె కాకుండా ఆ డబ్బు దేనికోసమో రాయండి. మీ ఉత్తరంలో 1,20,000 అన్న అంకె ఉంది గానీ, అది ఎందుకో ఎక్కడా లేదు. చదువు ఫీజుకా, అద్దె ఇంటి అడ్వాన్సుకా, ఉద్యోగం మారేటప్పుడు చేతిలో ఉండాల్సిన మూడు నెలల ఖర్చుకా? బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్ దేశాల్లో బ్యాంకు ఖాతాదారులకు పొదుపు గుర్తుచేసే సందేశాలు పంపి చూసిన పరిశోధకులు, ఏ అవసరం కోసం దాస్తున్నారో కూడా గుర్తుచేసినప్పుడు ఆ సందేశాలు మరింత బాగా పనిచేశాయని గమనించారు. పైన కారణం రాశాక, దాని కింద తేదీ, వేసింది, మొత్తం, మిగిలింది అని నాలుగు గళ్లు గీయండి. మొదటి వరుసలో సున్నా రాయకండి, ఇప్పటికే ఉన్న 25,000 రాయండి. 75,000లో మూడో వంతు చేరాక నడక మొదలుపెడుతున్నారన్న మాట.

మొదటి సగంలో మీ కన్ను 'మొత్తం' గడి మీద ఉండాలి, రెండో సగంలో 'మిగిలింది' గడి మీదకు మారాలి. మింజుంగ్ కూ, అయలెట్ ఫిష్‌బాక్ 2012లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదే. చేసినదీ చేయాల్సినదీ రెండింట్లో ఏది చిన్నదిగా ఉంటే దాని మీద దృష్టి నిలిపినప్పుడు మనిషి పట్టు సడలకుండా ముందుకు సాగుతాడు, ఎందుకంటే చిన్నదాని పక్కన ప్రతి అడుగూ పెద్దదిగా కనిపిస్తుంది. పదివేల దగ్గర ఇంకో పదివేలు చేరితే రెట్టింపైంది. అరవై అయిదు వేల దగ్గర అదే పదివేలు చేరితే పని పూర్తయింది. మధ్యలో మాత్రం రెండు అంకెలూ పెద్దవే కాబట్టి ఏ వైపు చూసినా కదలిక తెలియదు, మీ ఉత్సాహం సరిగ్గా అక్కడే చల్లబడడంలో వింతేమీ లేదు. అందుకే మధ్య నెలల్లో ఏడాది లక్ష్యాన్ని కాసేపు మరిచిపోయి, మూడు నెలల చిన్న లక్ష్యం ఒకటి పెట్టుకోవడం మేలు.

ప్రశ్న: మొదటి వారం 1 రూపాయి, రెండో వారం 2, ఇలా 52వ వారం 52 వరకు పెంచుకుంటూ పోయే పద్ధతిలో పొదుపు మొదలుపెట్టాను. నా స్థోమతకు తగ్గట్టు ప్రతి అంకెనూ వందతో హెచ్చించుకున్నాను. మొదట్లో చాలా తేలిగ్గా ఉంది. ఇప్పుడు ప్రతి వారం భారమవుతోంది. తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పు ఆ పద్ధతిలోనే ఉంది. 1 నుంచి 52 వరకు కూడితే 1,378 వస్తుంది. అందులో 26 వారాలు, అంటే సరిగ్గా సగం ఏడాది గడిచేసరికి జమయ్యేది 351, అంటే నాలుగో వంతు మాత్రమే. సగం సొమ్ము చేరేది 37వ వారంలో. మొదటి నాలుగు వారాల్లో మొత్తం 10 వేస్తే సరిపోతుంది, చివరి నాలుగు వారాల్లో 202 వేయాలి. మీరు వందతో హెచ్చించుకున్నారు కాబట్టి ఆ చివరి నెలలో 20,200 కావాలి. ఉత్సాహం నిండుగా ఉన్నప్పుడు బరువు లేదు, అలసిపోయినప్పుడు బరువంతా ఉంది. ఆరంభశూరత్వానికి అచ్చంగా సరిపోయే పద్ధతి ఇది.

వచ్చేసారి దీన్ని తలకిందులు చేయండి. మొదటి వారం 52తో మొదలుపెట్టి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ వస్తే సగం ఏడాదికే 1,027 చేరుతుంది, అంటే దాదాపు నాలుగింట మూడు వంతులు. జీతం నెలకోసారి వచ్చేవారికి ఇదీ అంత అనువైనది కాదు, వారికి నెలకు సమానంగా వేయడమే సుఖం. ఈ ఏడాదికి మాత్రం, ఎక్కడ భారమనిపించిందో ఆ వారం అంకె దగ్గరే ఆగి, మిగిలిన వారాలన్నీ అదే వేస్తూ వెళ్లండి.

పెంచుకుంటూ పోవడమే మీకు ఇష్టమైతే ఆ పెంపును వారాలకు కాకుండా ఆదాయానికి ముడిపెట్టండి. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ రూపొందించిన పథకంలో ఉద్యోగులు, జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత భాగం పొదుపుకు వెళ్లాలని ముందుగానే ఒప్పుకున్నారు. 2004లో వారు ప్రచురించిన వివరాల ప్రకారం అలా చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. చేతికి వచ్చే జీతం ఏ నెలా తగ్గకపోవడమే అది నిలబడడానికి ముఖ్య కారణం.

ప్రశ్న: నాకు నెలజీతం లేదు. ఒక నెల బాగా వస్తుంది, ఒక నెల ఇల్లు గడవడమే కష్టం. నాలాంటివారు ఏడాది లక్ష్యం పెట్టుకోవడంలో అర్థముందా?
– సొంతంగా పని చేసుకునే ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా ఉంది, అయితే నెలకు ఇంత అన్న నియమం మీకు సరిపడదు. కిందటి పన్నెండు నెలల ఆదాయం రాసుకుని, అందులో అతి తక్కువ వచ్చిన నెల చూడండి. అది 20,000 అనుకుందాం. ఎంత చెడ్డ నెలలోనైనా వేయగలిగే చిన్న మొత్తం ఒకటి, ఉదాహరణకు 1,000, ఖాయం చేసుకోండి. ఆ పైన, 20,000 దాటి వచ్చిన ప్రతి సొమ్ములో 30 శాతం ఖర్చుల్లో కలవకముందే పక్కన పెట్టండి. నాలుగు నెలలు 20,000, అయిదు నెలలు 30,000, మూడు నెలలు 45,000 వచ్చాయనుకుంటే, చిన్న మొత్తాలు కలిపి 12,000, పై భాగం 37,500, మొత్తం 49,500 అవుతుంది. ఏడాది ఆదాయం 3,65,000లో ఇది పదమూడున్నర శాతం. కష్టమైన నెలలో మీరు వేసింది ఆ నెల ఆదాయంలో అయిదు శాతమే.

వెయ్యి రూపంలో వేసేది సొమ్ముగా చిన్నదే, కానీ ఏ నెలా ఖాళీ గడి ఉండకపోవడం మీకు సొమ్ముకన్నా ముఖ్యం. బాగా వచ్చిన నెలలో ఏం చేస్తారో ముందే మాటల్లో రాసి పెట్టుకోండి: 'ఇరవై వేలు దాటి డబ్బు పడితే, ఆ రోజే ఆ పై మొత్తంలో పదికి మూడు చొప్పున తీసి పొదుపు ఖాతాకు మళ్లిస్తాను.' ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే అనుకున్నవారు, ఉత్త సంకల్పం చెప్పుకున్నవారికన్నా ఎక్కువగా అనుకున్నది చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. డబ్బు చేతిలో పడ్డాక ఆలోచించడం మొదలుపెడితే, అప్పటికే దాని కోసం పది ఖర్చులు కాచుకుని ఉంటాయి.

ప్రశ్న: ఎక్కువ వడ్డీ వచ్చే చోటు దొరికాక మొదలుపెడదామని ఆగాను. రెండు నెలలు గడిచిపోయాయి.

జవాబు: ఏడాది లక్ష్యంలో వడ్డీ పాత్ర చాలా తక్కువ. నెలకు 10,000 చొప్పున వేస్తే, ఏడాదికి 6 శాతం వడ్డీ లెక్కన పన్నెండు నెలలకు వచ్చే వడ్డీ సుమారు 3,900. ఒక శాతం ఎక్కువ దొరికినా అదనంగా వచ్చేది ఇంకో 650 మాత్రమే. మీరు ఆగిన రెండు నెలల్లో వేయకుండా పోయింది 20,000. ఏడాదిలో అవసరమయ్యే సొమ్మును ఎక్కువ రాబడి కోసం షేర్లలో పెట్టడం కూడా సరికాదు, మీకు డబ్బు కావాల్సిన నెలలోనే ధరలు పడిపోయి ఉండవచ్చు. భద్రమైన ఏ ఖాతాలోనైనా ఈ నెలే మొదలుపెట్టండి.

ప్రశ్న: పొదుపు లక్ష్యం గురించి పదిమందికీ చెబితే పట్టుదల పెరుగుతుందంటారు. చెప్పడం మంచిదా, గుట్టుగా ఉంచుకోవడం మంచిదా?
– ఒక పాఠకురాలు

జవాబు: పదిమందికీ వద్దు, ఒక్కరికి చెప్పండి. ఊరికే చెప్పడంలో పెద్ద బలం లేదు, పైగా అందరూ మెచ్చుకోవడంతోనే సగం పని అయిపోయినట్టు తృప్తి కలిగే ప్రమాదముంది. మీ దగ్గర డబ్బుందని తెలిసి బదులు అడిగేవారికి లేదని చెప్పడం ఇంకో ఇబ్బంది. బలమంతా క్రమం తప్పకుండా ఒకరికి లెక్క చెప్పడంలో ఉంది. చిలీ దేశంలో చిరు వ్యాపారులతో ఫెలిపే కాస్ట్, స్టీఫన్ మేయర్, డీనా పొమెరాంజ్ చేసిన ప్రయోగంలో, బృందంలో అందరి ముందూ లక్ష్యం ప్రకటించి వారంవారం లెక్క చెప్పినవారు, మిగతావారికన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువసార్లు ఖాతాలో డబ్బు వేశారు. తర్వాత సమావేశాలు లేకుండా ఫోన్ సందేశాలతోనే చేసి చూసినా ఆ ఫలితంలో ఎక్కువ భాగం వచ్చింది.

కాబట్టి మీలాగే ఏదో ఒకటి దాచుకుంటున్న స్నేహితురాలినో, చెల్లెలినో ఎంచుకోండి. మొత్తం ఎంతో ఇద్దరూ చెప్పుకోనక్కర్లేదు. నెలనెలా అనుకున్న తేదీన 'ఈ నెలది వేశాను' అని ఒక సందేశం పంపుకుంటే చాలు. తేదీ దాటి రెండు రోజులైనా సందేశం రాకపోతే అవతలివారు ఫోన్ చేసి కారణం అడగాలనీ, ఆ నెల వేయలేకపోతే ఎంత తక్కువైనా సరే ఎప్పుడు వేస్తారో ఒక తేదీ చెప్పించుకోవాలనీ ముందే మాట అనుకోండి. జీవిత భాగస్వామిని ఈ పనికి పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇద్దరి ఖర్చులూ ఒకే ఇంటివి కాబట్టి, తేదీ గురించి మొదలైన మాట ఎవరు ఎంత ఖర్చు చేశారన్న వాదనకు దారితీస్తుంది.